సౌందర్య చికిత్సలు – ప్రకటన ధర్మము

ప్రకటన వ్యాపారమునకు నోరువంటిది. సరకు ఎంత మంచిదైనను, అది ఉన్నదని చెప్పువారు లేనిచో కొనువారికి తెలియదు. కావున ప్రకటన చేయుటయే తప్పని ఎవ్వరును అనజాలరు. కాని అమ్మబోవు వస్తువునుబట్టి ప్రకటనకు ఉండవలసిన కట్టుబాటు మారుచుండును. సబ్బుబిళ్ల నచ్చకపోయినచో మరునాడు వేరొకటి కొనుక్కొందుము. చీర రంగు వెలిసినచో దుకాణమునకు తిరిగి తీసికొనిపోయి అడుగుదుము. ముఖమున గ్రుచ్చిన సూదిమందును, చర్మముపై సాగిన లేజరు కిరణమును మాత్రము తిరిగి ఇచ్చివేయుటకు వీలులేదు. సబ్బుకు చేయు ప్రకటనకును, సూదికి చేయు ప్రకటనకును ఒకే ధర్మము చాలునా అన్నదే నేటి ప్రసంగ విషయము.

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నము వంటి నగరములలో ప్రధాన వీథుల వెంబడి పోవువారికి చర్మ సౌందర్య కేంద్రముల బోర్డులు కనబడక మానవు. వీథిలో చూడనివారికి చేతిలోని ఫోనులోనే అవి కనబడుచున్నవి. నొప్పి లేదు, కోత లేదు, కుట్లు లేవు. మధ్యాహ్నభోజన విరామములో వచ్చి పని ముగించుకొని పోవచ్చునని అవి చెప్పును. ఇట్లు ప్రకటింపబడు ప్రక్రియలలో ముఖ్యమైనవి నాలుగు.

మొదటిది బొట్యులినమ్ టాక్సిన్. దీనినే లోకులు బొటాక్స్ అను వ్యాపారనామముతో పిలుచుచున్నారు. ఇది సరిగా నిలువచేయని ఆహారములో పెరుగు ఒక సూక్ష్మజీవి పుట్టించు విషము. దానిని అత్యల్ప మోతాదులో కండరములోనికి ఎక్కించినచో, నరమునుండి కండరమునకు పోవు ఆజ్ఞ నిలిచిపోవును. కండరము సడలి, పైనున్న ముడుత తగ్గును. దీనిని మొదట మెల్లకంటి చికిత్సకు వాడిరి. కనుబొమల నడుమనుండు ముడుతలకు వాడుటకు అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2002లో అనుమతి ఇచ్చినది. ఫలము సుమారు మూడు నాలుగు మాసములు నిలుచును. రెండవది ఫిల్లరు, అనగా హయలురోనిక్ ఆమ్లము వంటి జిగురు పదార్థమును చర్మము క్రిందికి ఎక్కించి పల్లములను పూడ్చుట, పెదవులను నిండుగా చేయుట. మూడవది లేజరు. నాలుగవది కెమికల్ పీల్. కొన్ని ఆమ్లములను పూసి చర్మపు పైపొరను ఒలిచివేయుట.

శిక్షణ పొందిన వైద్యుని చేతిలో ఇవి పనికివచ్చు సాధనములే. కాలిన గాయముల మచ్చలు, మొటిమల గుంటలు, ముఖముపై అవాంఛిత రోమములు కలిగి బాధపడువారికి వీనివలన మేలు కలుగుచున్నది. అయినను కత్తి లేనంత మాత్రమున ప్రమాదము లేదనరాదు. ఫిల్లరు పొరపాటున రక్తనాళములోనికి పోయినచో ఆ భాగమునకు రక్తము అందక చర్మము చచ్చిపోవచ్చును. ముక్కు పైభాగమున, కనుబొమల నడుమ ఉన్న నాళములకు కంటి నాళములతో సంబంధము కలదు. అచ్చట పొరపడినచో చూపు పోయిన సందర్భములు వైద్య గ్రంథములలో నమోదై యున్నవి. లేజరు కిరణములలో పెక్కింటిని చర్మములోని నల్లని రంజకము పీల్చుకొనును. చామనచాయ, నలుపు వన్నెగల మన చర్మములో ఆ రంజకము హెచ్చు. కావున యంత్రమును, కిరణపు కొలతను, మోతాదును సరిగా ఎన్నుకొననిచో చర్మము కాలి, పోగొట్టుకొనవలెనని వచ్చిన మచ్చకు బదులు పెద్ద మచ్చ మిగులును. ఐరోపా యువతి ముఖచిత్రమును చూపి చేసిన లేజరు ప్రకటన మన ఇంటి ఆడపిల్లకు ఈ సంగతి చెప్పదు.

ఇక ఈ ప్రకటనలు పనిచేయు తీరును కొంచెము విచారింతము. జ్వరము వచ్చినవాడు వైద్యుని వెదకుకొని పోవుట లోకసహజము. ఇచ్చట వైద్యమే ఆరోగ్యవంతుని వెదకుకొని వచ్చుచున్నది. అట్లు వచ్చినప్పుడు మొదట చేయవలసిన పని, నీకు ఒక లోపమున్నదని అతనికి నమ్మకము కలిగించుట. నవ్వినప్పుడు చెంపపై పడు గీత నిన్నటివరకు గీత మాత్రమే. ప్రకటన చదివిన పిమ్మట అది వ్యాధివలె తోచును. చామనచాయ నిన్నటివరకు తల్లిదండ్రులనుండి వచ్చిన వన్నె. నేడది చికిత్స కావలసిన స్థితి. నలుపు నారాయణుడు మెచ్చునని సామెత చెప్పుకొను జాతియే పెండ్లి ప్రకటనలలో తెల్లని వధువు కావలెనని అడుగుచున్నది. ఈ బలహీనతను వ్యాపారులు బాగుగా ఎరుగుదురు. పెండ్లి ముహూర్తములు దగ్గరపడు కాలముననే వధువులకు ప్రత్యేకమని చెప్పు చికిత్సల జాబితాలు వెలువడుటకు కారణమిదియే.

మన దేశమున ప్రకటనకర్తలు తమంతట తాము ఏర్పరచుకొన్న సంస్థ ఒకటి కలదు. అది 1985లో ఏర్పడిన భారత ప్రకటన ప్రమాణముల మండలి. చర్మమునకు తెలుపునిచ్చునని చెప్పుకొను వస్తువులనుగూర్చి ఆ మండలి 2014లో ఒక నియమావళిని వెలువరించినది. నల్లనివారిని దుఃఖితులుగాను, ఉద్యోగమునకో వివాహమునకో తగనివారుగాను చిత్రింపరాదని అందలి సారాంశము. ఇది మంచి నియమము. మోసము అబద్ధములోనే ఉండవలెనని లేదు, అవమానములో కూడ ఉండవచ్చునని అది గుర్తించినది.

రెండవ విషయము చిత్రములు. చికిత్సకు పూర్వము, చికిత్సకు పిమ్మట అని ప్రక్కప్రక్కన వేయు రెండు ఛాయాచిత్రములకంటె బలమైన సాక్ష్యము సామాన్యునికి లేదు. అబద్ధమాడుటకు అంతకంటె సులభమైన సాధనమును లేదు. వెలుతురు ప్రక్కనుండి పడినచో చర్మముమీది ప్రతి గుంటకు నీడ యేర్పడును. అదే వెలుతురు ఎదుటనుండి పడినచో నీడలు మాసి చర్మము నునుపుగా కనబడును. మొదటి చిత్రములో గడ్డము క్రిందికి వంచి, రెండవదానిలో పైకెత్తినచో మెడ ముడుతలు చికిత్స లేకయే మాయమగును. ఫిల్లరు ఎక్కించిన వెంటనే తీసిన చిత్రములో కనబడు నిండుతనములో కొంత వాపువలన వచ్చినది. ఇవిగాక ఫోనులోనే చిత్రమును దిద్దు ఉపకరణములు వచ్చినవి. ఒకే వెలుతురు, ఒకే కోణము, ఒకే ముఖభావము, చికిత్సకును చిత్రమునకును నడుమ గడచిన కాలము – ఈ నాలుగును చెప్పని జంటచిత్రము సాక్ష్యముగా పనికిరాదు.

మూడవది మాట. శాశ్వతము, నూటికి నూరుపాళ్లు, దుష్ఫలితములు లేనిది – ఇట్టి పదములు ప్రకటనలలో అన్నమునకు ఉప్పువలె పడుచున్నవి. ఒక్క పదము ఎంత భేదము తెచ్చునో చూడుడు. లేజరుతో రోమములను పోగొట్టు యంత్రముల విషయమున అమెరికా ఔషధ సంస్థ అనుమతించునది శాశ్వతముగా తగ్గించుట అను మాటను మాత్రమే. శాశ్వత నిర్మూలనము అనుటను అంగీకరింపదు. వెండ్రుకలు తగ్గును గాని ఒక్కటియు తిరిగి మొలవకుండ పోవునని చెప్పుటకు ఆధారము లేదు. అట్లే చర్మమును తెల్లపరచుటకై సూదిద్వారా ఎక్కించు మందు దేనికిని ఆ సంస్థ ఆమోదము ఇయ్యలేదు. గ్లూటాథయోన్ ఎక్కించి వన్నె మార్చెదమను ప్రకటన చూచినప్పుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

నాలుగవది తొందర. ఈ రాత్రి పండ్రెండు గంటలతో ముగియు తగ్గింపు, స్నేహితురాలిని తెచ్చినవారికి సగము వెల, ముందుగా డబ్బు కట్టినవారికి ఎనిమిది సార్లకు ఆరు సార్ల ధర – ఇవి చీరలకు చెల్లును. శరీరమును ఇతరుని చేతికి అప్పగించు నిర్ణయమునకు చెల్లవు. వైద్యమున సమ్మతి అను మాటకు అర్థము తెలిసికొని, ఆలోచించి, అడ్డు చెప్పుటకు అవకాశముండి ఇచ్చిన అంగీకారము. గడియారమును చూపి తీసికొన్న అంగీకారమునందు ఆలోచన ఉండదు. ముందే కట్టిన డబ్బు, మొదటిసారి చర్మము కందినను, రెండవసారికి మనలను వెంట తీసికొనిపోవును.

ఇప్పుడు మన చట్టముల సంగతి. మందులు, మాంత్రిక చికిత్సలు – ఆక్షేపణీయ ప్రకటనల చట్టము 1954లో వచ్చినది. బొల్లి, స్థూలకాయము, మనుష్యుని ఎత్తు మొదలగు స్థితులను మందులతో మార్చెదమని ప్రకటించుటను ఆ చట్టము నిషేధించినది. ఇట్టి ప్రకటనలు వాక్‌స్వాతంత్ర్యము క్రిందికి వచ్చునని కొందరు వాదింపగా, సుప్రీంకోర్టు 1959 డిసెంబరులో హందర్ద్ దవాఖానా కేసున ఆ వాదమును త్రోసిపుచ్చినది. చట్టములోని కొన్ని భాగములు మితిమీరి యున్నవని కొట్టివేసినను, నిషిద్ధములైన మందులను అమ్ముకొనుటకు చేయు ప్రకటన భావప్రచారము గాదనియు, వర్తకమునకు సంబంధించినదనియు చెప్పినది. 2020లో ప్రకటించిన సవరణ ముసాయిదాలో చర్మమునకు తెలుపు తెచ్చుటను కూడ ఆ జాబితాలో చేర్చిరి. అయినను ఆ చట్టము ప్రధానముగా మందులనుగూర్చినది. యంత్రముతోను సూదితోను చేయు నేటి సౌందర్య ప్రక్రియలు అది పుట్టిననాడు లేవు.

వైద్యుల నడవడిక నియమములు 2002లో వచ్చినవి. రోగులను తనకడకు రప్పించుకొనుటకు వైద్యుడు ప్రకటన చేయుట అధర్మమని అవి స్పష్టముగా చెప్పుచున్నవి. వైద్యమును ఆరంభించుట, చిరునామా మారుట, కొంతకాలము ఊర లేకపోవుట, తిరిగి వచ్చుట, రుసుము వెల్లడించుట వంటి కొన్ని సందర్భములలో మాత్రము పత్రికలో తెలియజేయవచ్చును. బోర్డుమీద తన ఛాయాచిత్రమును వేసికొనుట కూడ ఆత్మస్తుతిగానే ఎంచబడును. 2023 ఆగస్టులో వీనికి బదులుగా క్రొత్త నియమములు వచ్చినను, అదే నెలలో వానిని నిలిపివేసి పాతవానినే తిరిగి అమలులో నుంచిరి.

ఇచ్చటనే చిక్కు ఉన్నది. ఈ నియమము వైద్య మండలి పట్టికలో పేరున్న వైద్యుని మాత్రమే పట్టుకొనగలదు. అదే వీథిలో వైద్యులను జీతమునకు పెట్టుకొని కేంద్రములు నడపు వ్యాపార సంస్థపై మండలికి అధికారము లేదు. వైద్యమే చదువక, కొద్దిపాటి శిక్షణతో సూది పట్టినవారిపై అసలే లేదు. ఫలితమేమి? పది సంవత్సరములు చదివిన చర్మవైద్యురాలు నోరు మూసికొని కూర్చుండవలెను. చదువనివారు నిలువెత్తు బోర్డు కట్టుకొనవచ్చును. నియమము పాటించువానినే శిక్షించి పాటింపనివానిని వదలివేయు నియమము ఎంత ఉత్తమమైనదైనను ప్రజలను కాపాడజాలదు. ఈ కారణముచేతనే, నియమము మనిషిని గాక పనిని పట్టుకొనవలెనని నేను మనవి చేయుచున్నాను. సూది ఎవరి చేతిలో నున్నను, ప్రకటన ఎవరి పేర వచ్చినను, ఒకే కట్టుబాటు వర్తింపవలెను.

ఈ దిశగా మన దేశమున ఒక అడుగు పడినది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటన ఎవరు చేసినను వర్తించును. దాని క్రింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థ మొదటి తప్పునకు 10 లక్షల రూపాయలవరకు, మరల చేసినచో 50 లక్షలవరకు జరిమానా విధింపగలదు. ఆ ప్రకటనలో నిలిచి వస్తువును మెచ్చుకొన్న ప్రసిద్ధులు కూడ బాధ్యులే. 2022 జూన్‌లో వెలువడిన మార్గదర్శకములలో తెలుగువారు ప్రత్యేకముగా గమనింపవలసిన అంశమొకటి కలదు. ప్రకటనలోని వాగ్దానము ఏ భాషలో ఉన్నదో హెచ్చరికయు ఆ భాషలోనే, అదే అక్షర రూపములో ఉండవలెను. తెలుగులో పెద్ద అక్షరములతో ఆశ చూపి, ఆంగ్లములో చీమతలకాయలంత అక్షరములతో జాగ్రత్త చెప్పుట ఇక చెల్లదన్నమాట. పిల్లలకు తమ శరీరముపై తమకే ఏవగింపు కలిగించు ప్రకటనలను గూడ ఆ మార్గదర్శకములు నిషేధించుచున్నవి.

ఇతర దేశములు ఏమి చేసినవో కొంచెము చూతము. బ్రిటనులో 2013లో సర్ బ్రూస్ కియో అధ్యక్షతన ఒక విచారణ సంఘము ఈ విషయమును పరిశీలించినది. సూదితో ముఖము దిద్దించుకొనువారికి ఉన్న రక్షణ, కలమో పండ్లబ్రష్షో కొనువారికున్న రక్షణకంటె హెచ్చుగా లేదని ఆ సంఘము విచారము వెలిబుచ్చినది. గడువు పెట్టిన తగ్గింపులు, ఒకటి కొన్న ఒకటి ఉచితము, తల్లీకూతుళ్లకు కలిపి ఒక ధర, పోటీలలో చికిత్సను బహుమానముగా ఇచ్చుట – వీనినన్నిటిని ఆపవలెనని సిఫారసు చేసినది. వైద్యుని చీటీపై మాత్రమే లభించు మందు కావున, బొటాక్స్‌ను సామాన్య ప్రజలకు ప్రకటించుట ఆ దేశమున నిషిద్ధము. ఇంగ్లండులో 2021 అక్టోబరునుండి పదునెనిమిదేండ్లలోపువారికి అందము కొరకు బొటాక్స్, ఫిల్లర్లు ఎక్కించుట నేరము. 2022 మేనుండి బ్రిటనులో సౌందర్య చికిత్సల ప్రకటనలను ఆ వయస్సువారిని ఉద్దేశించి చేయరాదు.

ఆస్ట్రేలియా చట్టము నా వాదమునకు మరింత దగ్గరగా నున్నది. ఆరోగ్యసేవను ప్రకటించువారు వైద్యుడైనను, వ్యాపార సంస్థయైనను, ఐదు పనులు చేయరాదని అది చెప్పును. అబద్ధము చెప్పరాదు, షరతులు వెల్లడింపక బహుమానములు, తగ్గింపులు ఇయ్యరాదు, ఆ సేవ పొందినవారి మెచ్చుకోలు మాటలను వాడరాదు, మితిమీరిన ఆశలు కల్పింపరాదు, అవసరము లేని సేవను వాడుకొనుడని ప్రోత్సహింపరాదు. శస్త్రచికిత్స లేని సౌందర్య ప్రక్రియల ప్రకటనలకు ప్రత్యేక మార్గదర్శకములు 2025 సెప్టెంబరు 2వ తేదీనుండి అచ్చట అమలులోనికి వచ్చినవి. మెచ్చుకోలు మాటలను ఎందుకు వలదనిరో ఆలోచింపుడు. ఒకరికి మేలు జరిగినదన్నది నిజమే కావచ్చును; కాని ఎంతమందికి జరుగలేదో ఆ మాట చెప్పదు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. ప్రకటనలను బిగించినచో ప్రజలకు విషయము తెలియు మార్గమే మూసికొనిపోవును గదా అని కొందరందురు. ఆ మాటలో కొంత న్యాయమున్నది. యోగ్యులు మౌనము వహించిన చోట అయోగ్యుల గొంతు మరింత పెద్దదిగా వినబడును. కాని నేను కోరునది మౌనము గాదు. వైద్యుని పేరు, పట్టము, రాష్ట్ర వైద్య మండలిలో నమోదు సంఖ్య; వాడు మందు పేరు; ఫలము ఎంతకాలము నిలుచును; ఎన్నిసార్లు రావలెను; మొత్తము ఖర్చెంత; కలుగదగిన ముఖ్యమైన హాని యేది; హాని కలిగిన రాత్రి ఎవరిని పిలువవలెను – ఈ ఏడు సంగతులు తెలుగులో చెప్పిన ప్రకటనను నేను సంతోషముతో చదువుదును. ఇందులో వ్యాపారమునకు నష్టమేమియు లేదు. నిజమైన విద్య కలవారికి ఇంతకంటె మంచి ప్రచారమును లేదు.

చట్టములు ఢిల్లీలో పుట్టును గాని ప్రకటన మన ఇంటిలోనికి వచ్చుచున్నది. కావున గృహస్థులు చేయదగిన పనులు కొన్ని కలవు. చికిత్స చేయువారు వైద్యులా కాదా అని అడుగుటకు మొగమాటపడకుడు. నమోదు సంఖ్యను పరీక్షించి చూచుకొనవచ్చును. ఎక్కించు మందు బుడ్డిని చూపుడని, దానిపైనున్న పేరును గడువును చదువనిండని అడుగుడు. మొదటిసారి పోయిననాడే డబ్బు కట్టకుడు; ఇంటికి వచ్చి పది దినములు ఆలోచింపుడు. పది దినములలో మారిపోవు అవసరము నిజమైన అవసరము గాదు. మోసపు ప్రకటన కంటబడినచో దాని ప్రతిని భద్రపరచి, 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలియజేయుడు. మనము ఫిర్యాదు చేయనిచో చట్టము కాగితముమీదనే నిదురపోవును.

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటిలోని మాట. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఎగతాళికి వాడు సామెతలో గొప్ప సత్యమున్నది. తన పిల్లను ముద్దుగా చూచుటకు కాకికి ఎవ్వరి అనుమతియు అక్కరలేదు. మేనత్త వచ్చి పిల్ల నల్లబడినదనుట, పెండ్లిచూపులకు ముందు తల్లియే నిట్టూర్చుట, అన్నదమ్ములు ముక్కునుగూర్చి పరిహాసమాడుట – ఇవన్నియు ఖర్చులేని ప్రకటనలు. వ్యాపారి వేయు విత్తనమునకు నేల దున్ని సిద్ధము చేయునది ఈ మాటలే. సౌందర్య చికిత్స చేయించుకొనుట తప్పు గాదు. చేయించుకొనువారు తమ ఇచ్ఛతో, తెలిసి, తొందర లేక, సిగ్గుచే తరుమబడక చేయించుకొనవలెను. ప్రకటన ధర్మము కాపాడవలసిన స్వేచ్ఛ ఇదియే. బోర్డు కట్టువారికి ఆ ధర్మమును చట్టము నేర్పవలసి యున్నది; మన పిల్లలను చూచి మాటాడునప్పుడు దానిని మనమే పాటింపవలెను.